రెండు పడవలు, ఒక బిషప్పు

ఈసారి కథ కొంచెం దూరం వెళ్తుంది. దాదాపు వెయ్యేళ్ళ కిందటి జర్మనీ. పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి.

1062 వసంతకాలం. రైన్ నది మధ్యలో కైజర్స్‌వెర్త్ అని ఒక లంక. ఇప్పుడది డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో కలిసిపోయింది గానీ, అప్పట్లో చుట్టూ నీళ్ళు, మధ్యలో రాజుగారి కోట. ఆ రోజు కోటలో విందు. తల్లి ఏగ్నెస్ రాణితో పాటు పిల్ల రాజు నాలుగో హెన్రీ ఉన్నాడు. వయసు పదకొండేళ్ళు. భోజనాలయ్యాయి, పిల్లాడు హుషారుగా ఉన్నాడు. అప్పుడు కొలోన్ ఆర్చిబిషప్పు అన్నో దగ్గరికొచ్చి, "నా కొత్త పడవ చూద్దువుగాని రా" అన్నాడు. ఆ పడవని ప్రత్యేకంగా అలంకరించి తెప్పించాడు. పదకొండేళ్ళ పిల్లాడికి పడవ చూపిస్తానంటే ఎందుకు రాడు?

రాజు పడవ ఎక్కడం, చుట్టూ బిషప్పు మనుషులు చేరడం, తెడ్లు పడటం, అన్నీ ఒక్కసారే జరిగాయి. పడవ నది మధ్యకి పోయింది. తనని చంపడానికి తీసుకెళ్తున్నారనుకుని పిల్లాడు నీళ్ళలోకి దూకేశాడు. రైన్ అంటే చిన్న కాలవ కాదు. ఎక్బెర్ట్ అనే ప్రభువు వెనకే దూకి, తన ప్రాణం మీదికి తెచ్చుకుని పైకి లాక్కొచ్చాడు. పిల్లాడిని బుజ్జగించి కొలోన్ చేర్చారు. ఒడ్డున జనం వెంటబడి అరుస్తూనే ఉన్నారట. పిల్లాడితో పాటు రాజచిహ్నాలు కూడా అన్నో చేతికి వచ్చాయి. అంటే రాజ్యమే వచ్చిందన్నమాట.

తల్లి కొడుకు కోసం యుద్ధానికి దిగలేదు. కొంతకాలానికి రాజకీయాలు వదిలేసి రోమ్ వెళ్ళిపోయింది.

ఇది మొదటి పడవ. రెండోదానికి ఇంకా పన్నెండేళ్ళు ఉంది. ఈలోగా అసలు ఈ అన్నో ఎవరు, ఒక బిషప్పుకి రాజుని ఎత్తుకెళ్ళేంత ధైర్యం ఎక్కడిది, అది చూద్దాం.

బిషప్పు అంటే మనకి తెల్ల అంగీ వేసుకుని ప్రార్థన చేయించే పెద్దమనిషి గుర్తొస్తాడు. ఆ కాలం జర్మనీలో బిషప్పు అంటే అది కొంతే. ఆయన జమీందారు, న్యాయాధికారి, సైన్యం పంపే సామంతుడు కూడా. అక్కడి రాజులకి ఒక తలనొప్పి ఉండేది. ఏ ప్రభువుకైనా భూమి ఇస్తే అది వాడి కొడుక్కి, మనవడికి పోతుంది, ఇక రాజు చేతికి తిరిగి రాదు. బిషప్పుకైతే వారసులుండరు. ఆయన పోగానే ఆ పదవిలో రాజు తనకి నచ్చినవాణ్ణి కూర్చోబెడతాడు, భూమి మళ్ళీ తన మనిషి చేతిలోనే ఉంటుంది. అందుకని ఓట్టో రాజుల కాలం నుంచీ ఊళ్ళు, అడవులు, సంత పన్నులు, నాణేలు ముద్రించే హక్కు, ఇవన్నీ బిషప్పులకి ధారపోస్తూ వచ్చారు. బదులుగా రాజు వచ్చినప్పుడు పరివారానికంతా తిండి పెట్టాలి, యుద్ధమొస్తే గుర్రపు దళం పంపాలి. 981లో ఇటలీ యుద్ధానికి రెండో ఓట్టో పంపమన్న సైనికుల జాబితా ఒకటి మిగిలింది. అందులో కొలోన్ ఆర్చిబిషప్పు వాటా 100 మంది కవచధారులు. ఒక్కొక్కడికీ గుర్రాలు, ఆయుధాలు, వెంట పనివాళ్ళు. ఇదంతా ఎవరు పండిస్తే వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అన్నో ఈ ఏర్పాటులోనే పైకొచ్చినవాడు. దక్షిణాన స్వాబియా ప్రాంతంలో స్టోయ్స్‌లింగెన్ అనే ఊరి కుటుంబం. పెద్ద గొప్ప వంశమేం కాదు. 1010 ప్రాంతంలో పుట్టాడు. బాంబెర్గ్‌లో చదువుకున్నాడు, అక్కడే పాఠాలు చెప్పాడు. మూడో హెన్రీ చక్రవర్తి కంట్లో పడ్డాడు. 1056లో ఆయనే అన్నోని కొలోన్ ఆర్చిబిషప్పుని చేశాడు. అదే ఏడాది అక్టోబరులో చక్రవర్తి చనిపోయాడు. కొడుక్కి అప్పటికి ఆరేళ్ళు కూడా నిండలేదు. తల్లి ఏగ్నెస్ పెత్తనం చేయాల్సి వచ్చింది. ఆవిడ ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన మనిషి, ఒకరిద్దరి సలహా మీదే నడుస్తోందని ప్రభువులకి కోపం. ఆ కోపమే అన్నో పడవలోకి ఎక్కింది. ఆయన ఒంటరిగా చేయలేదు, నోర్ట్‌హైమ్ ఓట్టో లాంటి పెద్ద ప్రభువులు వెనకున్నారు.

ఇక్కడో మాట చెప్పాలి. ఈ కథలో చాలా వివరాలు లాంపెర్ట్ అనే సన్యాసి రాసినవి. హెర్స్‌ఫెల్డ్ మఠంలో ఉండేవాడు. అన్నో అంటే ఆయనకి భక్తి, హెన్రీ అంటే అస్సలు గిట్టదు. అలాంటివాడు కూడా అన్నో చేసిన కొన్ని పనులు దాచలేకపోయాడు. కాబట్టి చదివేటప్పుడు ఆ మేరకు తూచి చదవాలి.

పిల్లాడిని చేతిలో పెట్టుకున్నాక అన్నో ఏం చేశాడు? రాజు ఏ బిషప్పు ఇలాకాలో ఉంటే ఆ బిషప్పే అప్పటికి రాజ్య వ్యవహారాలు చూడాలి అని ఒక పద్ధతి ప్రకటించాడు. వినడానికి న్యాయంగానే ఉంది. రాజు ఎక్కడ ఉండాలో చెప్పేది మాత్రం ఎవరు?

1063లో తమ్ముడు వెర్నర్ మాగ్డెబుర్గ్ ఆర్చిబిషప్పు అయిపోయాడు. మేనల్లుడు బుర్కార్డ్ అప్పటికే హాల్బర్‌స్టాట్ బిషప్పు. రాజు నగదు రాబడిలో తొమ్మిదో వంతు కొలోన్‌కి చెందేలా అదే ఏడాది పత్రం రాయించాడు. అది మఠాలకి పంచడానికే అన్నారు, పంచాడు కూడా. కానీ పంచే చెయ్యి ఎవరిదన్నది ముఖ్యం కదా. 1066లో ఇంకో మేనల్లుడు కూనోని ట్రియర్ నగరానికి ఆర్చిబిషప్పుగా పంపాడు. ట్రియర్ వాళ్ళని ఒక్క మాట అడగలేదు. వాళ్ళు ఊరుకోలేదు, కొత్త ఆర్చిబిషప్పుని ఊళ్ళో అడుగు పెట్టకుండానే దారిలో పట్టుకున్నారు. చివరికి చంపేశారు.

భూమి విషయంలో ఆయన పట్టు చూడాలంటే రిచెజా సంగతి వినండి. ఈవిడ పోలండ్ రాణి, కొలోన్ దగ్గర పుట్టింటి ఆస్తులున్న మనిషి. తల్లిదండ్రులు కట్టించిన బ్రౌవైలర్ మఠంలో తనని పూడ్చాలన్నది ఆమె కోరిక. ఆవిడ సమాధి అక్కడుంటే క్లోటెన్ అనే తోటల ఊరు కూడా ఆ మఠానికే దక్కాలి. 1063లో ఆమె చనిపోగానే అన్నో శవాన్ని కొలోన్ తెప్పించి, తన వాళ్ళు నడిపే గుడిలో పూడ్పించాడు. క్లోటెన్‌ని కూడా ఆ గుడి లెక్కలోనే వేశాడు. శవం వెంట పొలం నడిచొచ్చింది. బ్రౌవైలర్ సన్యాసులు ఏళ్ళ తరబడి తిరిగారు. ఆయన బతికుండగా వాళ్ళకి న్యాయం జరగలేదు.

మాల్మెడీ మఠం గొడవ ఇంకా గమ్మత్తు. ఇప్పటి బెల్జియంలో స్టావ్లో, మాల్మెడీ అని జంట మఠాలు, నాలుగు వందల ఏళ్ళుగా ఒకే పెద్ద కింద ఉన్నవి. రాజు మఠాల్ని పెద్ద బిషప్పులకి పంచిపెట్టిన కాలంలో, 1065లో, అన్నో అందులో మాల్మెడీని తన వాటాగా పట్టేశాడు. స్టావ్లో సన్యాసులు ఆరేళ్ళు పోరాడారు. అర్జీలు పెట్టారు, రోమ్ వెళ్ళారు, ఎవరూ వినలేదు. 1071లో రాజు లీయెజ్ నగరంలో ఉన్నాడని తెలిసి, తమ మఠం స్థాపించిన రెమాక్లస్ మహాత్ముడి అస్థికల పెట్టెని భుజాల మీద మోసుకొచ్చి, రాజు భోంచేస్తున్న బల్ల మీదే పెట్టేశారు! "మమ్మల్ని కాదు, ఈయన్ని అడగండి" అన్నట్టు. బల్ల విరిగింది, ఒక నౌకరు కాలు నలిగింది, ఊరంతా గుమిగూడి అద్భుతాలు జరుగుతున్నాయని కేకలు. రాజు మాల్మెడీని తిరిగిచ్చెయ్యక తప్పలేదు. ధర్నా అనేది కొత్తగా పుట్టిందేం కాదని ఈ కథ చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఇవన్నీ విని, ఈయన వట్టి దోపిడీదారు అనుకుంటే పొరపాటు. అక్కడే ఈ మనిషి అర్థంకాడు. తనకంటూ కూడబెట్టుకోలేదు. ఉపవాసాలుండేవాడు. రాత్రిళ్ళు చెప్పుల్లేకుండా గుడి నుంచి గుడికి తిరిగి ప్రార్థన చేసేవాడని లాంపెర్ట్ రాశాడు. బీదలకి పెట్టేవాడు. 1064లో కొలోన్‌కి దగ్గర్లో జీగ్‌బుర్గ్ కొండ మీద మఠం కట్టాడు. ఇటలీలో ఫ్రుట్టువారియా అనే చోట సన్యాసుల నియమం చూసి ముచ్చటపడి, అక్కడివాళ్ళని తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఆ మఠం చూసి మిగతావాళ్ళు నేర్చుకున్నారు. రోమ్‌లో ఇద్దరు పోపులు తయారై గొడవ పడుతుంటే, సంస్కరణ పక్షం పోపు రెండో అలెగ్జాండర్ నిలబడటంలో ఈయన చెయ్యి చాలా ఉంది. 1064లో మాంటువా సభ దాకా వెళ్ళి ఆ పంచాయితీ తేల్చాడు. చేసేదంతా దేవుడి కోసమే అని ఆయన మనసారా నమ్మాడు. నాకైతే అదే భయం వేస్తుంది. తన కోసం తీసుకునేవాడికి ఎక్కడో చోట సిగ్గనిపిస్తుంది, దేవుడి కోసం తీసుకునేవాడికి ఆగాల్సిన చోటు కనబడదు.

ఆయన మాంటువాలో ఉండగానే ఇక్కడ బ్రెమెన్ ఆర్చిబిషప్పు అడాల్బర్ట్ పిల్ల రాజుని మచ్చిక చేసుకున్నాడు. ఆయన గొప్పింటి మనిషి, సరదా మనిషి. అన్నో బెత్తం పట్టిన మేష్టారు. పిల్లాడు ఎవరి వైపు వెళ్తాడు? 1065లో హెన్రీకి పెద్దరికం వచ్చిందని కత్తి కట్టారు. కత్తి నడుముకి తగలగానే మొదట అనుకున్న పని అన్నో మీదికి దండెత్తడం. తల్లి ఏగ్నెస్సే వద్దని ఆపిందట. తన కొడుకుని ఎత్తుకెళ్ళినవాణ్ణి ఆవిడే కాపాడింది చూడండి. తర్వాత ఏడాది ప్రభువులంతా కలిసి అడాల్బర్ట్‌ని గెంటించారు. 1072లో అన్నో మళ్ళీ కొన్నాళ్ళు చక్రం తిప్పి, ఒంట్లో బాగోక, రాజుతో పొసగక బయటికొచ్చేశాడు. 1073లో సాక్సనీ అంతా హెన్రీ మీద తిరగబడింది. ఆ తిరుగుబాటు నాయకుల్లో ఇద్దరు ఎవరనుకున్నారు? అన్నో తమ్ముడు వెర్నర్, మేనల్లుడు బుర్కార్డ్.

ఇప్పుడు రెండో పడవ.

1074 ఈస్టర్. మ్యున్‌స్టర్ బిషప్పు పండక్కి కొలోన్ వచ్చి అన్నో ఇంట అతిథిగా ఉన్నాడు. తిరుగు ప్రయాణానికి పడవ కావాలి. కొలోన్ అప్పటికి జర్మనీలోకెల్లా పెద్ద వర్తక నగరాల్లో ఒకటి, రేవు నిండా పడవలే. బిషప్పు నౌకర్లు రేవుకి వెళ్ళి, బాగున్న పడవ ఒకటి ఎంచారు. అది ఓ ధనిక వర్తకుడిది, సరుకు ఎక్కించి సిద్ధంగా ఉంది. "సరుకంతా దింపెయ్, అయ్యగారికి పడవ కావాలి" అన్నారు. మన మాటల్లో చెప్పాలంటే వెట్టికి పట్టుకోవడం. ఆ పడవలో ఎంత పెట్టుబడి ఉంది, ఎక్కడికి ఏ రోజుకి చేరాలి, ఇవేవీ అడిగే అలవాటు ఆ నౌకర్లకి లేదు.

వర్తకుడికి ఎదిగిన కొడుకున్నాడు. ఊళ్ళో పలుకుబడి ఉన్న కుర్రాడు. స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి ఆ నౌకర్లని తరిమేశాడు. సర్దిచెప్పడానికి వచ్చిన నగరాధికారికి కూడా అదే మర్యాద జరిగింది. ఇక్కడ ఆగి ఉంటే ఇది రేవులో చిన్న కొట్లాటగా పోయేది. పడవ పోతే ఇంకో పడవ. కానీ అన్నో ఈసారి కొలువు తీర్చినప్పుడు వాళ్ళ సంగతి తేలుస్తానన్నాడు. సెయింట్ జార్జ్ పండగనాడు గుళ్ళో ప్రసంగిస్తూ, ఈ ఊరు సైతాను చేతికి చిక్కింది, పశ్చాత్తాపపడకపోతే నాశనమైపోతారు అని మండిపడ్డాడు. జనం అది విని ఇళ్ళకి పోయి ఊరుకోలేదు. నాలుగు నెలల కిందటే వోర్మ్స్ నగరం వాళ్ళు తమ బిషప్పుని తరిమేసి రాజుని లోపలికి పిలిచారు. రాజు సంతోషించి 1074 జనవరిలో వాళ్ళకి సుంకాలు మినహాయించాడు. ఆ కబురు రైన్ పొడుగునా పాకింది. వోర్మ్స్ వాళ్ళు చేసింది మనం చేయలేమా అనుకున్నారు.

సాయంత్రం అన్నో అతిథితో భోజనం చేస్తుండగా రాళ్ళు పడటం మొదలైంది. నౌకర్లు కొందరు చచ్చారు. అన్నోని ఆయన మనుషులు గుడిలోకి లాక్కెళ్ళి తలుపులకి అడ్డాలు పెట్టారు. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే ఆ రెండు గోపురాల కొలోన్ గుడి కాదది, అంతకు ముందుది. ఇటు ఆర్చిబిషప్పు భవనం దోచారు. సారా కొట్లో పీపాలన్నీ పగలగొడితే వైన్ వరదై, దోచుకునేవాళ్ళే మునిగిపోబోయారట. ఒకణ్ణి పట్టుకుని అన్నోయే అనుకుని చంపేశారు. ఊరి ద్వారం దగ్గర ఆయన మనిషినొకణ్ణి ఉరేశారు. మంత్రగత్తె అని అనుమానించి ఒక ఆడమనిషిని గోడ మీద నుంచి తోసి చంపారు. ఆమెకీ ఈ పడవకీ ఏం సంబంధమో ఎవరూ రాయలేదు. గుంపు లేచినప్పుడు ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ పోతారు.

అన్నోకి అదృష్టం ఉంది. గుడికి ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక గురువు, కొద్ది రోజుల ముందే, తన పెరటి వైపు ఊరి గోడకి చిన్న దారి పెట్టుకోవడానికి ఆయన దగ్గరే అనుమతి తీసుకున్నాడు. రాత్రి వేషం మార్చుకుని అన్నో ఆ కంతలోంచి బయటపడ్డాడు. నోయ్స్ చేరాడు. కొలోన్ గుడి పక్క కార్ల పార్కింగులో పాత రోమన్ గోడ ముక్క ఒకటుంది, ఆయన పారిపోయిన దారి ఇదేనని ఇప్పటికీ చూపిస్తారు.

నాలుగో రోజుకల్లా ఆయన తిరిగొచ్చాడు, వెనక పెద్ద సైన్యంతో. ఆ సైన్యంలో ఎవరున్నారన్నది నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. చుట్టుపక్కల పల్లెల జనం! బిషప్పు మీద చెయ్యి వేశారని విని వేలమంది కదిలారని లాంపెర్ట్ రాశాడు. పట్నం వర్తకుడు మనవాడు, బిషప్పు దొర అనుకుంటాం మనం. పల్లెవాళ్ళకి అలా అనిపించలేదు. కరువొస్తే గింజలు పెట్టేదీ, బిడ్డకి పేరు పెట్టేదీ, శవానికి చోటిచ్చేదీ గుడే. పట్నం వాడితో వాళ్ళకున్న చుట్టరికం సంతలో బేరం దాకానే. భక్తి ఎంతో, పట్నం దోచుకోవచ్చన్న ఆశ ఎంతో, అది విడదీసి చెప్పడం కష్టం.

పట్నంవాళ్ళు లొంగిపోయారు. చెప్పుల్లేకుండా, ఒంటి మీద గొంగడి బట్టలతో వచ్చి క్షమించమన్నారు. అన్నో కూడా తన సైన్యాన్ని అదుపు చేయలేనని భయపడి, పల్లెవాళ్ళని ఇళ్ళకి పంపేశాడు. ఆ రాత్రే 600 మందికి పైగా ధనిక వర్తకులు ఊరొదిలి రాజు దగ్గరికి పారిపోయారు. మూడు రోజులు చూసి, ఎవరూ జవాబు చెప్పుకోవడానికి రాకపోయేసరికి బిషప్పు బంట్లు ఇళ్ళ మీద పడ్డారు. వర్తకుడి కొడుకునీ, ఇంకొందరినీ పట్టుకుని కళ్ళు తీసేశారు. మిగతావాళ్ళకి కొరడా దెబ్బలు, గుండు, జరిమానాలు. పారిపోయినవాళ్ళందరికీ మతం నుంచి వెలి. జనంతో కిటకిటలాడే నగరం ఒక్కసారిగా బోసిపోయింది, వీధుల్లో మనిషి కనపడలేదు అంటాడు లాంపెర్ట్. అభిమాని రాసిన మాటే ఇది.

ఆ ఏడాదే రాజు స్వయంగా కొలోన్ వచ్చి, వెలి ఎత్తెయ్యమని అడిగాడు. అన్నో ఒప్పుకోలేదు. అడిగినవాడు ఒకప్పుడు తన పడవలోంచి రైన్‌లోకి దూకిన పిల్లాడే మరి.

ఆ తర్వాత ఆయనకి జబ్బు చేసింది. కాళ్ళకి పుండ్లు, మాంసం ఊడిపోయేంతగా. ఎక్కువ కాలం జీగ్‌బుర్గ్ కొండ మీదే గడిపాడు. అప్పుడే ఒక కల వచ్చిందట. ఒక గొప్ప ఇల్లు, అందులో ఆసనాల మీద చనిపోయిన బిషప్పులు తెల్లటి బట్టల్లో కూర్చుని ఉన్నారు. తన కోసం కూడా ఒక ఆసనం ఖాళీగా ఉంది. సంతోషంగా కూర్చోబోతే ఆపారు. "నీ గుండె మీద ఆ మరక చూడు, దాంతో ఇక్కడ కూర్చోనివ్వరు. కడుక్కుని రా." చూసుకుంటే నిజంగానే అంగీ మీద మురికి మచ్చ. పొద్దున్నే దగ్గరివాళ్ళకి చెప్పాడు. ఆ మచ్చ ఏమిటో వాళ్ళకి చెప్పడం కష్టం కాలేదు, కొలోన్ వాళ్ళ మీద పెట్టుకున్న కక్ష. 1075 ఈస్టర్‌కి, గొడవ జరిగిన ఏడాదికి, వెలివేసినవాళ్ళందరినీ పిలిపించి క్షమించాడు. లాక్కున్న ఆస్తులు తిరిగిచ్చాడు. కళ్ళు పోయిన కుర్రాడి గురించి మాత్రం ఎక్కడా ఏమీ లేదు.

1075 డిసెంబరు 4న అన్నో పోయాడు. కొలోన్‌లో కాదు, తను కోరుకున్నట్టే జీగ్‌బుర్గ్‌లో పూడ్చారు. రిచెజా కోరికకి దక్కని మర్యాద ఆయన కోరికకి దక్కింది.

కొన్నేళ్ళకే ఆయన మీద జర్మన్ భాషలో ఒక పెద్ద పద్యకావ్యం వచ్చింది, అన్నోలీడ్ అంటారు. చదువుకున్నవాళ్ళంతా లాటిన్‌లో రాసే రోజుల్లో జనం భాషలో రాసింది కాబట్టి ఆ భాషవాళ్ళకి అదంటే గౌరవం. 1183లో ఆయన్ని సెయింట్‌గా ప్రకటించి, అస్థికల కోసం బంగారు తాపడంతో పెద్ద పెట్టె చేయించారు. కొలోన్ వాళ్ళు మాత్రం తమ దారిన తాము నడిచారు. 1288లో వోరింగెన్ యుద్ధంలో అప్పటి ఆర్చిబిషప్పు ఓడి బందీ అయ్యాడు, గెలిచిన పక్షంలో కొలోన్ పౌరులూ ఉన్నారు. ఆ తర్వాత ఆర్చిబిషప్పులు బాన్, బ్రూల్ వైపు కాపురం పెట్టుకున్నారు, తమ పేరున్న నగరంలో పెత్తనం మళ్ళీ దక్కలేదు.

జీగ్‌బుర్గ్ మఠంలో ఆయన పెట్టిన నియమం వాళ్ళు చివరికి 2011లో ఖాళీ చేశారు, సన్యాసుల్లో చేరేవాళ్ళు లేక. 2013 నుంచి ఆ కొండ మీద ఉంటున్నది మన దేశం నుంచి వెళ్ళిన కార్మెలైట్ సన్యాసులు. అన్నో పెట్టె ఊళ్ళో సెయింట్ సెర్వేషియస్ గుడిలో ఉంది. దాని చుట్టూ ఒకప్పుడు ఉన్న వెండి బంగారు బొమ్మలు ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు, చట్రం మిగిలింది.